చర్మంపై పచ్చబొట్టు - తెరిచి ఉన్న తౌబా ద్వారం

మానవుణ్ణి ఎంతో చక్కని ఆకృతిలో సృజించినట్లు అల్లాహ్ దివ్యఖుర్ఆన్‌లోని 'అత్తీన్' సూరాలో (95:4) తెలియజేశాడు. మన కళ్ళు, చెవులు, కాళ్ళు, చేతులు, వాటన్నింటినీ కప్పి ఉంచిన ఈ చర్మం, వీటిలో ఏదీ మనం సంపాదించుకున్నది కాదు. ఏ బజారులోనూ కొని తెచ్చుకున్నది కాదు. ఇవన్నీ మనకు అప్పగించబడిన అమానతులు. అమానతును అప్పగించినవాడు ఏదో ఒకనాడు లెక్క అడుగుతాడు. ఆ రోజు మనిషి నోరు మూసుకున్నా, అతని చెవులు, కళ్ళు, చర్మం అతను చేసిన పనుల గురించి సాక్ష్యమిస్తాయని 'హామీమ్ అస్సజ్దా' సూరా (41:20-21) హెచ్చరిస్తోంది. తన చర్మమే తనకు వ్యతిరేకంగా మాట్లాడటం చూసి మనిషి నిర్ఘాంతపోతాడట!

నేడు మన యువత ఆ చర్మాన్నే బొమ్మలు గీసుకునే పలకగా మార్చుకుంటోంది. కొన్నాళ్ళ తర్వాత దాన్ని చూసుకుని సిగ్గుపడుతోంది, తుడిచేసుకోవాలని తహతహలాడుతోంది. ఈ విషయంలో ధర్మం ఏమంటోంది? పొడిపించుకున్నవారు ఇప్పుడు ఏం చేయాలి? వారి వుజూ, నమాజుల సంగతి ఏమిటి? ఈ ప్రశ్నలను గురించి కాస్త వివరంగా ఆలోచిద్దాం.

ఊరి జాతర నుంచి పట్నం దుకాణం దాకా

పచ్చబొట్టు మన తెలుగు నేలకు కొత్త కాదు. జాతరలలో, తిరునాళ్ళలో సూదులు పట్టుకుని కూర్చునే స్త్రీలు ఉండేవారు. దీపపు మసిలో ఆకుపసరు కలిపి, సూదితో చుక్కలు చుక్కలుగా పొడిచేవారు. చేతిమీద చుక్కలు, ముంజేతిమీద పేరు, గడ్డంమీద ఒక బొట్టు. మన అమ్మమ్మలు, నానమ్మల కాలంలో చాలామందికి ఇవి ఊహ తెలియక ముందే, పెద్దల ఇష్టం మేరకు పడిన గుర్తులు.

ఇప్పుడు రూపం మారింది. పట్నాల్లో అద్దాల దుకాణాలు వెలిశాయి. కరెంటుతో నడిచే యంత్రం నిమిషానికి వందలు, వేలసార్లు చర్మాన్ని పొడుస్తుంది. సినిమా హీరో పేరు, ప్రేమించిన అమ్మాయి పేరు, పులి బొమ్మ, పుర్రె బొమ్మ. ముస్లిం యువకులలో కొందరైతే '786' అనో, ఏకంగా అల్లాహ్ పేరో పొడిపించుకుని, అదేదో భక్తికి నిదర్శనమని భావిస్తున్నారు. ఎంత విచారకరం! నిషిద్ధమైన పనితో భక్తిని చాటుకోవడం ఎలా కుదురుతుంది? పైగా ఆ పవిత్ర నామంతో మరుగుదొడ్డికి కూడా వెళ్ళవలసి వస్తుందన్న స్పృహ వారికి ఆ క్షణాన ఉండదు.

పొడిపించుకోవడానికి గంట చాలు. ఆ తర్వాతే అసలు కథ మొదలవుతుంది. ప్రేమించిన అమ్మాయికి వేరొకరితో వివాహమవుతుంది, పేరు మాత్రం చేతిమీద మిగులుతుంది. సంబంధం చూడటానికి వచ్చినవారి కళ్ళు ముందు ఆ చేతిమీదనే పడతాయి. సైన్యంలో చేరాలనుకున్న కుర్రవాడికి పచ్చబొట్ల విషయంలో ఆంక్షలున్నాయని అప్పుడు తెలుస్తుంది. అన్నింటికీ మించి, అల్లాహ్ దయతో మనసు మారి, మసీదు మెట్లెక్కిన యువకుడు వుజూ కోసం చొక్కా చేతులు పైకి మడిచినప్పుడు పక్కవాడు చూస్తాడేమోనని కుంచించుకుపోతాడు.

షైతాన్ చేసిన ప్రతిన

'అన్నిసా' సూరాలో (4:119) షైతాన్ చేసిన ఒక ప్రతిన గురించి ప్రస్తావన ఉంది. మానవులను దారి తప్పిస్తానని, వారిలో వట్టి ఆశలు రేకెత్తిస్తానని, తన మాట విని వారు పశువుల చెవులు కోస్తారని, అల్లాహ్ సృష్టిలో మార్పులు చేస్తారని వాడు అన్నాడు. ఈ క్రమాన్ని గమనించండి. మొదట ఆశ, ఆ తర్వాతే సృష్టిని మార్చే పని. పచ్చబొట్టు విషయంలోనూ ఇదే జరుగుతోంది. 'ఇది ఉంటే నలుగురూ నిన్ను చూస్తారు', 'ఇది ఉంటే నీ ప్రేమ నిలుస్తుంది' అనే ఆశ ముందు మనసులో దిగుతుంది. ఆ వెనుకే సూది చర్మంలో దిగుతుంది.

పచ్చబొట్టు పొడిచేవారిని, పొడిపించుకునేవారిని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) శపించారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించారు. ఈ విషయం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. హదీసులో స్త్రీల ప్రస్తావన ఉన్నంత మాత్రాన పురుషులకు ఇందులో మినహాయింపు లేదు. ఆ కాలంలో ఈ అలవాటు ఎక్కువగా స్త్రీలలో ఉండేది. ఆజ్ఞ మాత్రం ఇద్దరికీ సమానమేనని ధర్మవేత్తలు స్పష్టం చేశారు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) గారు ఒకసారి ఈ విషయాన్నే బోధించగా, బనూ అసద్ తెగకు చెందిన ఉమ్మె యాఖూబ్ అనే మహిళకు ఆ సంగతి తెలిసింది. ఆమె ఖుర్ఆన్ చదివిన స్త్రీ. నేరుగా ఆయన దగ్గరకు వచ్చి, తాను ఖుర్ఆన్‌ను అట్టనుంచి అట్టదాకా చదివానని, ఈ మాట అందులో ఎక్కడా కనిపించలేదని నిలదీసింది. ఆయన కోప్పడలేదు. ప్రవక్త ఇచ్చినదాన్ని తీసుకోవాలని, ఆయన వారించినదాన్ని వదిలేయాలని 'అల్ హష్ర్' సూరాలో (59:7) ఉన్న ఆజ్ఞను గుర్తుచేశారు. అంతటితో ఆమె ఊరుకోలేదు. మీరు కాదంటున్న వాటిలో కొన్ని మీ ఇంట్లోనే ఉన్నాయేమో అన్నది. వెళ్ళి చూడమన్నారాయన. ఆమె లోపలికి వెళ్ళి చూసి, అలాంటిదేమీ లేదని ఒప్పుకుంది. బోధించేవాడి ఇల్లు ఎలా ఉండాలో, అడిగేవారి పట్ల అతని ఓర్పు ఎలా ఉండాలో ఈ సంఘటన మనకు నేర్పుతోంది.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో పచ్చబొట్లు పొడిచే ఒక స్త్రీని ఆయన ముందుకు తీసుకువచ్చారు. ఆయన వెంటనే తీర్పు చెప్పలేదు. సభలో లేచి నిలబడి, ఈ విషయంలో దైవప్రవక్త (స) నుంచి ఎవరైనా ఏమైనా విన్నారా అని అల్లాహ్ సాక్షిగా అడిగారు. హజ్రత్ అబూ హురైరా (రజి) లేచి తాను విన్నానని చెప్పారు. ఏం విన్నారని ఆయన మళ్ళీ అడిగారు. పొడవవద్దని, పొడిపించుకోవద్దని ప్రవక్త (స) ఆదేశించారని అబూ హురైరా (రజి) సమాధానమిచ్చారు (బుఖారీ). అంతటి ఉమర్ (రజి) కూడా తెలుసుకున్న తర్వాతే మాట్లాడారు. ఈ సంగతిని గుర్తుంచుకోండి. దీనితో మనకు ముందు ముందు పని ఉంది.

గతంలోనే పడిన మచ్చల సంగతి?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. నిషేధం స్పష్టంగానే ఉంది. మరి ఇప్పటికే చర్మంమీద ఉన్న పచ్చబొట్టు మాటేమిటి? ఈ విషయంలో మనుషులు మూడు రకాలుగా ఉంటారు.

మొదటి రకం, చిన్నతనంలో పెద్దలు పొడిపించినవారు. పసిబిడ్డ మీద పాపం రాయబడదు. ఈ చుక్కలు ఆమె చేసిన తప్పు కావు. అరవై ఏళ్ళ వృద్ధురాలి గడ్డంమీద ఉన్న చుక్కను చూసి ఆమె విశ్వాసాన్ని కొలిచేవాడు తన విశ్వాసాన్ని ఒకసారి చూసుకోవాలి.

రెండవ రకం, ఇస్లాం స్వీకరించక మునుపు పొడిపించుకున్నవారు. ఇస్లాం స్వీకరణ అంతకుముందున్న పాపాలను తుడిచేస్తుందని దైవప్రవక్త (స) హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కి తెలియజేశారు (ముస్లిం). ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) తొలినాళ్ళలోనే ఇస్లాం స్వీకరించి, అబిసీనియాకు వలస వెళ్ళిన మహా సాధ్వి. హజ్రత్ అబూబక్ర్ (రజి) గారి సతీమణి. ఖైస్ బిన్ అబీ హాజిమ్ తన తండ్రితో కలిసి అబూబక్ర్ (రజి) గారి ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె చేతిమీద పచ్చబొట్టు గుర్తులు చూశారు. ఈ ఉల్లేఖనాన్ని ఇమామ్ తబరీ (రహ్మలై) సేకరించగా, హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మలై) బుఖారీ గ్రంథానికి రాసిన వ్యాఖ్యానంలో పేర్కొన్నారు. నిషేధం రాకముందు పొడిపించుకున్నది ఆ చేతిమీద అలాగే మిగిలిపోయి ఉంటుందని ఇమామ్ తబరీ వివరించారు. గమనించండి సోదరులారా! ముస్లిం సమాజపు తొలి ఖలీఫా ఇంట్లోనే పాత పచ్చబొట్టు ఉన్న చేయి ఉంది. ఆ చేతులే రోజుకు ఐదుసార్లు తక్బీర్ కోసం లేచేవి.

మూడవ రకం, తెలిసో తెలియకో, స్నేహితుల మాట విని, యవ్వనపు పొగరులో పొడిపించుకుని ఇప్పుడు పశ్చాత్తాపపడుతున్నవారు. వీరు ముందుగా చేయవలసింది వైద్యుణ్ణి వెతకడం కాదు, తౌబా. చేసిన పనికి మనసారా విచారించడం, దాన్ని విడిచిపెట్టడం, మళ్ళీ ఆ వైపు వెళ్ళనని దృఢంగా సంకల్పించడం. తౌబాకు అపాయింట్‌మెంట్ అక్కరలేదు, ఖర్చు అక్కరలేదు, ఆరు విడతల చికిత్స అక్కరలేదు. పాపం నుంచి మరలినవాడు అసలు ఆ పాపం చేయనివానితో సమానమని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు (ఇబ్నె మాజా). సిరా చర్మంలో ఇంకా ఉండగానే పాపం చిట్టానుంచి తుడుచుకుపోవచ్చు.

వుజూ అవుతుందా? నమాజ్ నెరవేరుతుందా?

మన సమాజంలో చాలాచోట్ల వినిపించే మాట ఒకటుంది. 'పచ్చబొట్టు ఉంటే నీళ్ళు చర్మానికి తగలవు, వుజూ కాదు, గుస్ల్ కాదు. ముందు దాన్ని గీకించుకుని రా, ఆ తర్వాత నమాజుకు నిలబడు' అని కొందరు పెద్దమనుషులు అంటుంటారు. ఈ ఒక్క మాటతో ఎంతమంది యువకులు మసీదు గుమ్మం నుంచి వెనుదిరిగారో అల్లాహ్‌కే తెలుసు. పచ్చబొట్టు పోయేదాకా నమాజ్ లేదనుకుని, నెలలు, సంవత్సరాలు నమాజ్ వదిలేసినవారూ ఉన్నారు. పచ్చబొట్టు వల్ల జరిగిన నష్టం కన్నా ఈ మాట వల్ల జరిగిన నష్టం ఎన్నో రెట్లు పెద్దది.

వాస్తవమేమిటి? గోళ్ళరంగు చర్మానికీ నీటికీ మధ్య పొరలా అడ్డుపడుతుంది. పచ్చబొట్టు అలాంటిది కాదు. దాని సిరా చర్మపు పైపొరకు అడుగున ఉంటుంది. నీరు తగలవలసిన పైచర్మం యథాతథంగా ఉంది. కనుక వుజూలో, గుస్ల్‌లో నీటికి అడ్డు ఏదీ లేదు.

మరి సూది గుచ్చినప్పుడు సిరాలో రక్తం కలుస్తుంది కదా, అది అశుద్ధం కాదా అనే ప్రశ్న వస్తుంది. ఇదీ మన పూర్వ ధర్మవేత్తలు చర్చించిన విషయమే. 1836లో మరణించిన డమాస్కస్ హనఫీ పండితులు అల్లామా ఇబ్నె ఆబిదీన్ (రహ్మలై) తన 'రద్దుల్ ముహ్తార్' గ్రంథంలో దీన్ని వివరించారు. గాయం మానిన తర్వాత ఆ చోటును కడిగితే అది శుద్ధమైపోతుంది. మిగిలిన రంగు, తొలగించడం కష్టసాధ్యమైన గుర్తు మాత్రమే. ఎందుకంటే చర్మాన్ని ఒలిస్తే తప్ప, గాయపరిస్తే తప్ప అది పోదు. ఇదీ ఆయన చెప్పిన సారాంశం. తెలుగునాట ముస్లింలలో అత్యధికులు అనుసరించేది హనఫీ మస్లక్‌నే. కాబట్టి పచ్చబొట్టు ఉన్న సోదరుడు ఏ సంకోచమూ లేకుండా వుజూ చేయాలి, వరుసలో నిలబడాలి. బొమ్మగానీ, అన్య చిహ్నంగానీ ఉంటే నమాజులో దాన్ని వస్త్రంతో కప్పి ఉంచుకోవడం మంచిది.

గాయపడిన వ్యక్తి ఉదంతం

తెలియకుండా ధర్మం చెప్పడం ఎంత ప్రమాదకరమో తెలిపే ఒక ఉదంతం హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనంగా అబూదావూద్‌లో ఉంది. ఒక ప్రయాణంలో ఒకరి తలకు రాయి తగిలి గాయమైంది. ఆ రాత్రి ఆయనకు గుస్ల్ చేయవలసిన పరిస్థితి వచ్చింది. తయమ్ముమ్‌తో సరిపెట్టుకోవచ్చా అని తోటివారిని అడిగారు. నీళ్ళు అందుబాటులో ఉండగా నీకు ఆ వెసులుబాటు లేదని వారు చెప్పారు. ఆయన స్నానం చేశారు, ప్రాణం పోయింది. ఈ వార్త తెలిసి దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. వారే అతణ్ణి చంపారన్నారు. తెలియనప్పుడు అడిగి ఉండవలసిందని, అజ్ఞానమనే రోగానికి అడిగి తెలుసుకోవడమే మందు అని బోధించారు.

పచ్చబొట్టు పట్టుకుని యువకుణ్ణి తరిమే పెద్దలు ఈ ఉదంతాన్ని మరీ మరీ చదవాలి. ఉమర్ (రజి) సభలో అడిగి తెలుసుకున్న తర్వాతే మాట్లాడారని పైన చెప్పుకున్నాం కదా. మన మాట విని ఎవరైనా చేతిమీద యాసిడ్ పోసుకుంటే, ఎవరైనా నమాజ్ మానేస్తే, ఆ లెక్క మన ఖాతాలోకి కూడా రాదా?

తొలగించుకోవడం ఎవరిపై విధి?

షాఫయీ మస్లక్ మహా పండితులు ఇమామ్ నవవీ (రహ్మలై) ముస్లిం గ్రంథానికి రాసిన వ్యాఖ్యానంలో ఈ విషయాన్ని చక్కగా విడమరిచారు. చికిత్సతో తొలగించడం సాధ్యమైతే తొలగించుకోవాలి. గాయం చేస్తే తప్ప పోదనుకుంటే, ప్రాణానికి గానీ, అవయవానికి గానీ, అది చేసే పనికి గానీ హాని కలుగుతుందన్న భయముంటే, లేదా బయటకు కనిపించే అవయవం వికృతమవుతుందన్న భయముంటే తొలగించడం విధి కాదు. అతను తౌబా చేసుకుంటే అతనిపై పాపం మిగలదు. అలాంటి భయమేదీ లేకపోతే మాత్రం తొలగించుకోవాలి, ఊరికే జాప్యం చేయకూడదు. ఈ విషయంలో స్త్రీ పురుషులిద్దరూ సమానమే.

ఇమామ్ నవవీ 1277లో మరణించారు. ఆయన కాలంలో, అల్లామా ఇబ్నె ఆబిదీన్ కాలంలో కూడా పచ్చబొట్టు తీయడమంటే చర్మాన్ని కోయడమో కాల్చడమో. ఇప్పుడు పరిస్థితి మారింది. హాని లేకుండా తొలగించే మార్గాలు చాలావరకు అందుబాటులోకి వచ్చాయి. కనుక ఆర్థిక స్తోమత, ఆరోగ్యం ఉన్నవారు 'తౌబా చేశాను కదా' అని నిర్లక్ష్యం చేయరాదు. స్తోమత లేనివారు కుమిలిపోనక్కరలేదు. అల్లాహ్ ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం వేయడని 'అల్ బఖరా' సూరా (2:286) మనకు ధైర్యం చెబుతోంది.

సిరా ఎలా నిలుస్తుంది? ఎలా పోతుంది?

చర్మపు పైపొర నిరంతరం రాలిపోతూ కొత్తది వస్తూ ఉంటుంది. పచ్చబొట్టు సిరా ఆ పైపొరలో ఉండి ఉంటే కొన్ని వారాల్లోనే పోయేది, గోరింటాకు పోయినట్లు. కానీ సూది దాన్ని లోపలి పొరలోకి దించుతుంది. శరీరంలోని రక్షక కణాలు పరాయి పదార్థాన్ని చూసి మింగుతాయి, కానీ అరిగించుకోలేవు. ఆ కణాలు చనిపోయినప్పుడు విడుదలైన సిరాను వాటి స్థానంలో వచ్చిన కొత్త కణాలు మళ్ళీ మింగుతాయి. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ శాస్త్రవేత్తలు ఎలుకలపై పరిశోధించి 2018లో ఈ సంగతిని వెల్లడించారు. సుబ్‌హానల్లాహ్! మనం మోపిన అనవసరపు బరువును, మనల్ని కాపాడటానికి అల్లాహ్ నియమించిన ఈ కణాలు తరతరాలుగా మోస్తూనే ఉంటాయి.

లేజర్ చికిత్సలో సెకనులో వందకోట్లవ వంతు లెక్కలో కొలిచేంత స్వల్ప వ్యవధి గల కాంతిని ఆ చోటికి పంపుతారు. చుట్టూ ఉన్న చర్మం కన్నా సిరా ఆ కాంతిని ఎక్కువగా పీల్చుకుని చిన్న చిన్న ముక్కలవుతుంది. ఆ ముక్కలను శరీరమే మెల్లమెల్లగా తొలగిస్తుంది. అందుకే ఇది ఒక్కసారితో అయ్యేది కాదు. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల విరామంతో అనేక విడతలు అవసరమవుతాయి. నలుపు రంగు తేలిగ్గా పోతుంది. ఆకుపచ్చ, నీలం, పసుపు రంగులు మొండికేస్తాయి. కొందరికి పూర్తిగా పోక లీలగా నీడ మిగిలిపోతుంది. మనవంటి చామనఛాయ, నలుపు ఛాయ చర్మానికి ఆ చోట తెల్లమచ్చ గానీ నల్లమచ్చ గానీ పడే ప్రమాదం ఎక్కువ. ఇలాంటి చర్మానికి 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల లేజర్‌ను వైద్యులు సురక్షితంగా భావిస్తారు. కనుక చర్మవ్యాధుల నిపుణుడైన వైద్యుని దగ్గరకే వెళ్ళాలి. అందాల దుకాణంలో యంత్రం ఉంది కదా అని చేయి చాపకూడదు.

ఈ దారిలో జాగ్రత్తలు

మొదటిది, సొంత వైద్యం వద్దు. సున్నం, సోడా కలిపిన ముద్ద కట్టడం, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ పోయడం, ఉప్పుతో రక్తం వచ్చేదాకా రుద్దడం, ఇనుప చువ్వ కాల్చి పెట్టడం వంటి పనులు చేసి జీవితాంతం మచ్చతో, ముడుచుకుపోయిన చర్మంతో మిగిలేవారున్నారు. మీ చేతులతో మిమ్మల్ని మీరు వినాశంలో పడవేసుకోవద్దన్న ఖుర్ఆన్ ఆదేశం (2:195) ఇక్కడ కూడా వర్తిస్తుంది. అమానతుకు ఒకసారి హాని చేసినవాడు, దాన్ని సరిదిద్దుతానంటూ రెండోసారి హాని చేయరాదు.

రెండవది, ఒక పచ్చబొట్టును కప్పడానికి దానిమీద మరో పెద్ద పచ్చబొట్టు పొడిపించుకోవడం. దుకాణాలవారు ఇదే తేలిక మార్గమని చెబుతారు. ఇది ఒక పాపాన్ని మరో పాపంతో కప్పడమే. చిన్నమచ్చ పోయి పెద్దమచ్చ మిగులుతుంది.

మూడవది, వడ్డీ అప్పు. లేజర్ చికిత్సకు ప్రతి విడతకూ డబ్బు కావాలి. దానికోసం వడ్డీకి అప్పు తెచ్చేవారు ఒక్క విషయం ఆలోచించాలి. హజ్రత్ అబూ జుహైఫా (రజి) ఉల్లేఖనం ప్రకారం పచ్చబొట్టు పొడిచేవారిని, పొడిపించుకునేవారిని శపించిన ఆ సందర్భంలోనే దైవప్రవక్త (స) వడ్డీ తినేవాణ్ణి, తినిపించేవాణ్ణి కూడా శపించారు (బుఖారీ). ఒక శాపం నుంచి తప్పించుకోవడానికి మరో శాపంలో దూకడం ఏం వివేకం? డబ్బు కూడేదాకా ఆగండి. ఆ నిరీక్షణలో మీపై పాపం లేదు.

నాలుగవది, చికిత్స వేళ వుజూ, గుస్ల్. లేజర్ తర్వాత ఆ చోట ఎర్రబడుతుంది, పొక్కులు రావచ్చు. నీరు తగిలితే హాని అని వైద్యుడు చెబితే మిగతా అవయవాలను కడిగి, కట్టుమీద తడిచేత్తో మసహ్ చేస్తే సరిపోతుంది. గాయం మానిన తర్వాత మామూలుగా కడుక్కోవాలి. చర్మంపై పూసే మందుల వల్ల ఉపవాసం భంగం కాదు. స్త్రీలు వీలైనంతవరకు మహిళా వైద్యురాలినే ఆశ్రయించాలి. అవసరమైన మేరకే ఆచ్ఛాదన తొలగించాలి.

గోరింటాకు విషయంలో మన సోదరీమణులకు సందేహం అక్కరలేదు. అది చర్మాన్ని గుచ్చేది కాదు, కొద్ది రోజుల్లో పోయేది. అది ధర్మసమ్మతమే. అయితే బజారులో 'నల్ల మెహందీ' పేరుతో అమ్మే, రసాయనాలు కలిపిన వాటితో చర్మంమీద పొక్కులు లేచే ప్రమాదముంది. వాటికి దూరంగా ఉండటం మేలు.

మసీదు, మొహల్లాల బాధ్యత

పచ్చబొట్టు పొడిచే పనిని ఉపాధిగా చేసుకున్న సోదరులకు ఒక విన్నపం. ఉపాధినిచ్చేవాడు అల్లాహ్. నిషిద్ధమైన పనితో వచ్చే ఆదాయంలో శుభం ఉండదు. బొమ్మలు గీసే నేర్పు మీ చేతిలో ఉంది. గోడలమీద అక్షరాలు రాయండి, బట్టలమీద డిజైన్లు వేయండి, మెహందీ పెట్టడం నేర్పండి. చర్మాన్ని మాత్రం వదిలేయండి.

తల్లిదండ్రులారా! మీ అబ్బాయి పొడవు చేతుల చొక్కా విప్పడానికి వెనుకాడుతున్నాడంటే అతణ్ణి నలుగురిలో నిలదీయకండి. పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. అతను చెప్పగానే చేయి చేసుకుంటే రేపు ఇంతకన్నా పెద్ద తప్పు చేసినా మీకు చెప్పడు.

ఇమామ్ సాహెబులారా, కమిటీ పెద్దలారా! తోటి ముస్లిం లోపాన్ని కప్పినవాని లోపాన్ని అల్లాహ్ ప్రళయదినాన కప్పుతాడన్న హదీసు (ముస్లిం) మనందరికీ తెలుసు. నమాజుకు వచ్చినవాడి ముంజేతిని కాదు, అతని రాకను చూడండి. అల్లాహ్ మన రూపాలను, సంపదలను కాక మన హృదయాలను, ఆచరణలను చూస్తాడని ప్రవక్త (స) చెప్పారు కదా (ముస్లిం). అలాగే మయ్యిత్‌కు గుస్ల్ ఇచ్చేటప్పుడు దేహంమీద పచ్చబొట్టు కనిపిస్తే దాన్ని గీకే ప్రయత్నం చేయరాదు. మృతదేహానికీ గౌరవముంది. చూసినదాన్ని బయట చెప్పనూ కూడదు. అతను ఎప్పుడు తౌబా చేసుకున్నాడో, ఏ రాత్రి తన ప్రభువు ముందు ఏడ్చాడో మనకు తెలియదు.

యువ సోదరులారా! ఇంకా సూది దిగని చర్మం మీదైతే దాన్ని అలాగే ఉంచుకోండి. నిజమైన ప్రేమకు చేతిమీద పేరు అక్కరలేదు, నిజమైన విశ్వాసానికి భుజంమీద గుర్తు అక్కరలేదు. ఇప్పటికే సూది దిగినవారైతే నిరాశ వద్దు. తమ ఆత్మలకు తాము అన్యాయం చేసుకున్న దాసులు తన కారుణ్యం పట్ల నిరాశ చెందరాదని అల్లాహ్ స్వయంగా 'అజ్జుమర్' సూరాలో (39:53) పిలుపునిచ్చాడు. ఈ రోజే తౌబా చేసుకోండి. ఈ పూట నమాజును వచ్చే నెల లేజర్ చికిత్సకు వాయిదా వేయకండి. స్తోమత ఉంటే మచ్చను తొలగించుకోండి. లేకుంటే ఆ చేతితోనే దానం చేయండి, ఆ చేతితోనే తల్లిదండ్రులకు సేవ చేయండి, ఆ చేతినే దుఆ కోసం ఎత్తండి. రేపు చర్మం సాక్ష్యమిచ్చే రోజున, ఆ చోటు ఎన్నిసార్లు వుజూ నీటితో తడిసిందో కూడా దానికి తెలిసి ఉండాలి.

ఓ అల్లాహ్! నీవు అప్పగించిన ఈ శరీరాలను నీవు మెచ్చే రీతిలో కాపాడుకునే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. మా పొరపాట్లను మన్నించు, మా లోపాలను కప్పి ఉంచు. నీ వైపు మరలివచ్చేవారి దారిలో మమ్మల్ని అడ్డుగా నిలపకు, తోడుగా నిలుపు. ఆమీన్!